నక్క చదివిన నలభై పుస్తకాలు

అడవి అంచున ఒక బడి ఉండేది. అక్కడి పంతులమ్మ ఎలుగుబంటి. పిల్లలు పుస్తకం ముట్టడం లేదని ఆవిడ ఒక పోటీ పెట్టింది. పుస్తకం చదివిన ప్రతిసారీ ఎవరి ముంతలో వాళ్లు ఒక కుంకుడుగింజ వేసుకోవాలి. నెలాఖరుకు గెలిచినవాళ్లకు ఏడాదిపాటు బడిగంట కొట్టే సుత్తి ఇస్తారు.

నక్క కన్ను ఆ సుత్తి మీద పడింది. అది చేతికొస్తే ఎండ ఎక్కకముందే గంట కొట్టేసి ఇంటికి పోవచ్చు. పుస్తకం హస్తభూషణమన్నారు పెద్దలు. నక్క ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది: పొద్దున రెండేసి పుస్తకాలు చేతపట్టుకుని పోవడం, సాయంత్రం తిరిగిచ్చి రెండు గింజలు వేసుకోవడం. దాని పక్కన కూర్చునే గిత్త మాత్రం చదివిందంతా నెమరేసుకుంటూ వారానికి ఒకటో రెండో పూర్తిచేసేది.

మొదటి వారంలోనే నక్కకు ఒక వింత కనబడింది. బడి వదలగానే పిల్లలు పంతులమ్మ గుమ్మం ముందు వరస కడుతున్నారు. ఒక్కొక్కరే లోపలికి పోయి, మొహం వెలిగిపోతూ వస్తున్నారు. కుందేలైతే కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. తేనె పెడుతున్నారేమోనని నక్క కిటికీ దగ్గర వాసన చూసింది. తేనె లేదు.

“లోపల ఏం పెడుతున్నార్రా?” అని గిత్తను అడిగింది.

“చెప్పొద్దంది పంతులమ్మ. ఒక్క పుస్తకం చదువు, నీకే తెలుస్తుంది.”

ఆ మాత్రం దానికి పుస్తకం చదవాలా అనుకుంది నక్క. అందరూ సుత్తి కోసం ఆవిడను కాకా పడుతున్నారని తేల్చేసుకుంది. అయినా ఆ వరస సంగతి దాని మనసును తొలుస్తూనే ఉంది.

చివరి రోజున చూస్తే గిత్త ముంతలో ఆరు గింజలు, నక్క ముంతలో నలభై. పంతులమ్మ నక్కను ముందుకు పిలిచి, ఆఖరి పేజీలు ఎలా ఉన్నాయని అడిగింది.

“అసలు బాగున్నవి అవేనండీ,” అంది నక్క. “ప్రతి పుస్తకంలోనూ ఆఖరి పేజీ రెండేసిసార్లు చదివాను.”

బడంతా గొల్లున నవ్వింది. ఎలుగుబంటి తన సంచి విప్పి, అన్ని పుస్తకాల ఆఖరి పేజీలూ బల్ల మీద పరిచింది. పోటీకి ముందురోజే వాటిని తీసి దాచిపెట్టింది. కథలో పడ్డవాళ్లు ఆ పేజీ కోసం పరుగెత్తుకొస్తారని ఆవిడకు తెలుసు. రానిది నక్క ఒక్కటే. అందరికన్నా ఎక్కువగా ఆరుసార్లు వచ్చిన గిత్తకు సుత్తి దక్కింది.

నక్క తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. అందరూ వెళ్లాక సిగ్గుపడుతూనే, కుందేలును ఏడిపించిన పేజీ ఏదని అడిగింది.

“మొదటి పేజీ నుంచి నడిచి రా, ఇస్తాను,” అంటూ పంతులమ్మ ఆ పుస్తకం చేతిలో పెట్టింది.

మర్నాడు సాయంత్రం గిత్త గంట కొట్టింది. అందరూ ఇళ్లకు పోయారు. నక్క మాత్రం కదల్లేదు. ఇంకా పన్నెండు పేజీలున్నాయి. ఈలోగా పంతులమ్మ తలుపు వేసేస్తుందేమోనని దాని బెంగ.

మోసినవాడికి బరువే దక్కుతుంది, చదివినవాడికే కథ దక్కుతుంది.