ఇసుకలోకి దిగిన మచ్చలు

తాహిర్‌కి ఏం చేయాలో పాలుపోలేదు. విశాఖలో అతని ముందుగదిలో గోడ పొడవునా ఉప్పునీటి అక్వేరియం ఉంది. రాళ్ల మీద బతికున్న పగడాలు, వాటి మధ్య రంగురంగుల సముద్రపు చేపలు. ఆ చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు వస్తున్నాయి. నాలుగు రోజుల్లో వాటంతటవే పోతున్నాయి. హమ్మయ్య అనుకునేలోపు రెట్టింపై తిరిగొస్తున్నాయి. వచ్చినప్పుడల్లా ఓ చేప చచ్చి తేలుతోంది.

వెల్లుల్లి రసం కలిపి మేత వేయమన్నారొకరు. మందు పోయమన్నారింకొకరు. మందు పోస్తే పగడాలు చస్తాయి. చేపలన్నిటినీ బయటికి తీసెయ్యమని మరొకరి సలహా. చేపల్ని పట్టాలంటే, ఏళ్ల తరబడి పేర్చుకున్న రాళ్లన్నీ విప్పాలి.

ఆ శుక్రవారం అతని గురువు నూరుల్లా హజ్రత్ భోజనానికి వచ్చారు. మిగిలిన మూడు చేపలూ చక్కగా ఈదుతున్నాయి.

"ఇవాళ మచ్చల్లేవు హజ్రత్. నయమైందో లేదో తెలీడం లేదు. రాళ్లు కదిలించనా, ఇలాగే వదిలెయ్యనా?"

"పోయిన మచ్చలు ఎటు పోయాయి?"

"అవి మచ్చలు కావు, పురుగులు. చేప మీంచి రాలి ఇసుకలోకి దిగుతాయి. అక్కడ ఒక్కోటీ వందలై మళ్లీ చేపల్ని పట్టుకుంటాయి. చేప దొరక్కపోతే చస్తాయి, కానీ అందుకు రెండు మూడు నెలలు పడుతుంది."

"తెలుసన్నమాట," అన్నారు హజ్రత్.

చొక్కా చెయ్యి మడిచి, తొట్టిలోకి మోచేతి దాకా దింపారు. అన్నిటికంటే పెద్ద రాయిని, ఊదారంగు పగడంతో సహా పైకి తీశారు. నీళ్లు మడ్డిగా అయిపోయాయి. పగడం కొమ్మ ఒకటి పుటుక్కున విరిగింది.

"పట్టుకో," అన్నారాయన, రాయి అతని చేతికిస్తూ.

మరి ఆగడానికి లేదు. సాయంత్రానికి చేపలు మూడూ పెరట్లో మందు కలిపిన టబ్బులోకి చేరాయి. తాహిర్ రాళ్లు మళ్లీ సర్దాడు, మునుపటిలా కుదరలేదు. తొట్టిలో పగడాలు మాత్రమే ఊగుతున్నాయి. ఇంటికొచ్చిన వాళ్లంతా చేపలేవని అడుగుతుంటే తలకొట్టేసినట్టుండేది.

నెల తిరక్కుండానే హజ్రత్ దగ్గరికి పరిగెత్తాడు.

"టబ్బులో చేపలు శుభ్రంగా ఉన్నాయి. ఇంక తొట్టిలోకి వదిలెయ్యనా?"

"చేపలకు నయమైంది సరే. తొట్టికి?"

"రోజూ చూస్తున్నా హజ్రత్. అందులో నాకేం కనపడ్డం లేదు."

"ఆ శుక్రవారం కూడా కనపడలేదుగా," అన్నారాయన.

ఆయన చేపల గురించే అన్నారా? తాహిర్ దారంతా ఆలోచించాడు, తేలలేదు. ఇంటికొచ్చి ఖాళీ తొట్టి ముందు కూర్చున్నాడు. భార్య నస్రీన్ వచ్చి, "ఏముందని అంతలా చూస్తున్నారు?" అంది.

"అదే తెలీడం లేదు," అన్నాడు. టబ్బులో చేపల్ని పట్టడానికి తెచ్చుకున్న వలగరిటెని తీసుకెళ్లి అటక మీద పెట్టాడు.

ఎండలు పోయి, వానలు పట్టాకే చేపలు తొట్టిలోకి వచ్చాయి. మూడూ బతికాయి. జబ్బు పూర్తిగా పోయినట్టేనా అని ఎవరైనా అడిగితే తాహిర్ ఇసుక వంక చూసి, "ఇవాళ్టికి మచ్చల్లేవు," అంటాడు.