శిశువుల గదిలో రెండు కన్వర్టర్లు

పరాంకుశం గారు శిష్యుల ప్రశ్నకు కూర్చున్న చోటి నుంచి జవాబు చెప్పే మనిషి కాదు. పవర్ ఎలక్ట్రానిక్స్ బోధించిన ఇన్నేళ్లలోనూ, ప్రశ్న ఎక్కడ పుట్టిందో అక్కడికి వెళ్లి నిలబడటం ఆయన అలవాటు. "మాస్టారూ, ఏ లోపమూ లేని రెండు యంత్రాలు కలిస్తే లోపం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని హైమవతి ఒకరోజు అడిగింది. మర్నాడు పొద్దున్నే ఆయన ఆమెనూ, మరో శిష్యుడు ఇమ్మానుయేలునూ వెంటబెట్టుకుని బస్సెక్కారు.

మన్యంలో అదొక చిన్న ఆసుపత్రి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని పడుకోబెట్టే వెచ్చని పెట్టెకు సోలార్ ప్యానెళ్ల నుంచి కరెంటు అందించే కన్వర్టరు ఇమ్మానుయేలు చేశాడు. ఆ కరెంటును పెట్టెకు తగినట్టు మార్చే రెండోది హైమవతిది. విడివిడిగా రెండూ నిక్షేపంగా నడిచాయి. కలిపాక మాత్రం, మబ్బు పట్టిందంటే వోల్టేజి ఎగసి పడుతూ చివరికి పెట్టె ఆగిపోతోంది. తప్పు నీదంటే నీదని వాదించుకుని ఇద్దరూ మాటలు మానేశారు.

వీళ్లు వెళ్లేసరికి పెట్టె ఆగిపోయే ఉంది. చిలకమ్మ అనే తల్లి పసికందును గుండెకు హత్తుకుని దుప్పటి కప్పుకు కూర్చుంది. "ఒళ్లు సల్లబడిపోతంది బాబూ, బేగి సూడండి" అంది.

పరాంకుశం గారు హైమవతి వైపు తిరిగారు. "వోల్టేజి పడితే నీది ఏం చేస్తుందమ్మా?"

"కరెంటు ఎక్కువ లాగుతుంది మాస్టారూ. పాపకు వెచ్చదనం రవ్వంతైనా తగ్గకూడదు గదా."

"అప్పుడు నీదో, ఇమ్మానుయేలూ?"

"ఇంకా కుంగుతుంది సార్. లేవబోతుంది, మళ్లీ కుంగుతుంది."

"అంటే, ఇచ్చేవాడు నీరసించినప్పుడే ఎక్కువ అడుగుతున్నాం."

హైమవతి తల వంచుకుంది. ఇమ్మానుయేలే, "నాది కూడా ఆ దెబ్బకు ఓర్చుకునేలా చెయ్యలేదు. కరెంటు కాస్త నిల్వ ఉంచే కెపాసిటర్ ఇంకొకటి పెడతాను" అంటూ తన కన్వర్టరు విప్పాడు. ఆ మాటతో ఆమె కూడా కింద కూర్చుని, వోల్టేజి పడ్డ కాసేపూ తక్కువతో సర్దుకునేలా తన కన్వర్టరును మార్చింది.

మధ్యాహ్నం కొండ మీదికి మబ్బు వచ్చింది. వోల్టేజి కొంచెం దిగింది, మెల్లగా లేచింది, నిలిచింది. చిలకమ్మ బిడ్డను పెట్టెలో పడుకోబెట్టి, చెయ్యి తియ్యకుండా చూస్తూ నిలబడింది.

హైమవతి మనసు ఒప్పుకోలేదు. "కానీ మాస్టారూ, ఆ కాసేపూ వెచ్చదనం కొద్దిగా తగ్గింది."

"తగ్గనీ అమ్మా," అన్నారాయన. "ఆరిపోలేదు గదా."