బోర్లమ్మ తల్లి, తౌడమ్మ అరిసెలు

జోరుగెడ్డ అనే ఈ కొండవాగు నడుమ వెలసిన బోర్లమ్మ తల్లి దర్శనానికి వచ్చే భక్తులకు ముందుగా ఒక మనవి. చివరి బండ మీద ఎవరూ నడవకూడదు, పాకాలి. పెద్ద ఆఫీసరుగారైనా, పట్టుచీర కట్టుకొచ్చిన అమ్మగారైనా ఇదే పద్ధతి. మోకాళ్ళ నొప్పులని సాకులు చెప్పకండి. మా నాన్నమ్మ తొంభయ్యవ ఏట పాకింది. అమ్మవారు ఇక్కడ నిలుచుని లేరు, కూర్చునీ లేరు. పరవడిలో, అంటే నీరు ఉరవడిగా పారే చోట, బండను కావలించుకుని బోర్లా పడుకుని ఉన్నారు. ఎందుకో చెబుతాను, వినండి.

పూర్వం ఇక్కడ తౌడమ్మ అనే ఇల్లాలు గేదెలను మేపుకునేది. పెనిమిటి లేడు. ఒక్కతే కూతురు, పేరు పోలి. ఆ బిడ్డ బోర్లా పడిన నాడు తౌడమ్మ ఊరంతా బొబ్బట్లు పంచింది. అడుగులకు అరిసెలు పంచాలని కొత్త బెల్లం దాచింది. ఆరేళ్ళు నిండినా పోలి అడుగు వెయ్యలేదు. కాళ్ళకు బలం లేదు. తౌడమ్మ ఏటేటా పాత బెల్లం తీసి కొత్తది దాచేది. రోజూ బిడ్డను వెదురు కర్రకు ఆనించి నిలబెట్టేది. పోలి కూలబడేది. ఇద్దరూ ఏడ్చేవారు.

గేదెలు మేసేటప్పుడు పోలి గెడ్డ రాళ్ళు తిరగేసి పురుగులతో ఆడుకునేది. "అమ్మా, సూడు! మడుగులో పురుగులు బొద్దుగా ఉంటాయి కదా. వాటి పిల్లల్ని పరవడిలో వేశాను. పెరిగేసరికి దోసగింజల్లా అణిగిపోయి రాయిని కరుచుకున్నాయి," అని చూపించేది.

"పురుగుల్ని చూస్తే కాళ్ళొస్తాయా, నా తల్లీ!" అని తౌడమ్మ విసుక్కునేది.

ఒక శ్రావణమాసంలో, పట్టపగలు, కొండ మీద వాన కురిసి గెడ్డ ఒక్క పెట్టున పొంగింది. పోలి పురుగుల కోసం పాక్కుంటూ వెళ్ళి నడిమి బండ మీద ఉంది. తౌడమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగున నీళ్ళలో దిగింది. నాలుగడుగులకే పరవడి పడదోసింది. లేచింది, మళ్ళీ పడదోసింది.

"అమ్మా, నిలబడకు! బోర్లా పడుకో! రాయి పట్టుకుని పాకు!" అని పోలి కేక వేసింది. ఆ బిడ్డ అప్పటికే బండకు అతుక్కుని ఉంది. నీళ్ళు వీపు మీదుగా జారిపోతున్నాయి. ఆరేళ్ళలో మొదటిసారి తౌడమ్మ కూతురి మాట విన్నది. పాక్కుంటూ వెళ్ళి బిడ్డను పొదువుకుంది.

వరద తీశాక చూస్తే, పోలి పట్టుకున్నది రాతి అంచు కాదు, అమ్మవారి భుజాలు! ఇసుక కొట్టుకుపోయి రూపం బయటపడింది. ఊరివారు సంబరపడి విగ్రహాన్ని లేవదీసి నిలబెట్టారు. మూడుసార్లు నిలబెడితే మూడుసార్లూ గెడ్డ పడగొట్టింది. అప్పుడు తల్లి తౌడమ్మకు కలలో కనబడింది.

"ఏమే, నీ బిడ్డను నిలబెట్టింది చాలక నన్ను కూడానా? మడుగు పురుగూ నా బిడ్డే, పరవడి పురుగూ నా బిడ్డే. ఏ నీటికి తగిన ఒళ్ళు ఆ నీటిలో ఇచ్చాను. నన్ను పడుకోనివ్వండి," అన్నది.

తెల్లవారగానే తౌడమ్మ వెదురు కర్రను పొయ్యిలో పెట్టింది. ఆ మంట మీదే, దాచిన బెల్లంతో అరిసెలు వండింది. "ఏటమ్మా తౌడమ్మా, పిల్ల అడుగులేసిందా?" అని ఇరుగుపొరుగు అడిగారు.

"లేదమ్మా. పాకింది. నన్ను బతికించింది," అని చెప్పి ఇంటింటికీ పంచింది.

నేటికీ శ్రావణ మంగళవారాల్లో ఇక్కడ అరిసెలే ప్రసాదం. నడక రాని పిల్లలను తెచ్చే తల్లులారా, మీరు వరుసలో నిలబడే పని లేదు. పిల్లను బండ మీద దించి పాకనివ్వండి. పాకలేకపోతే ఎదకు కట్టుకుని మీరే పాకండి. కాళ్ళు వస్తాయని మేము మాట ఇవ్వము. కొందరికి వచ్చాయి, కొందరికి రాలేదు. మొదటి అరిసె మాత్రం ఆ పిల్ల చేతిలోనే పెడతాము. అమ్మవారికి రెండోది.