ఆముదపు దండోరా

ఒకానొక రాజ్యంలో ఒక రాజుగారుండేవారు. ఆయన పేరు నాకు తెలుసు గానీ చెప్పను. ఎందుకు చెప్పనో చివర్న మీకే తెలుస్తుంది.

ఆ రాజుగారిది పెద్ద చెయ్యే. నోరు అంతకు రెండింతలు. బావి తవ్విస్తే గట్టున తన పేరుతో ఓ రాయి, చెట్టు నాటిస్తే మొదలు దగ్గర ఓ రాయి. చెట్టు ఎండిపోయినా రాయి మాత్రం చల్లగా ఉండేది.

ఓ ఏడు తుఫాను వచ్చి నేతపేటలో మగ్గం గుంటలన్నీ నీట మునిగాయి. పనిలేక జనం పస్తులు. రాజుగారు ఇంటికి కుంచెడు బియ్యం ఇస్తామన్నారు. ఊరికే ఇచ్చేస్తే ఆయన రాజెలా అవుతారు చెప్పండి? కోట ముందు వరసగా నిలబెట్టి ఒక్కొక్కరికీ తప్పెట కొట్టించేవారు.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా! ఫలానా వాడి కొడుకు ఫలానా వాడు ఇంట్లో గింజ లేక అలమటిస్తుంటే, మహారాజులుంగారు దయదలచి కుంచెడు బియ్యం దానం చేశారహో!"

ఆ తప్పెట తర్వాత నాలుగు వీధులూ తిరిగేది.

నేతపేటలో ముత్తెన్న అనే ఆయన మాత్రం ఆ వరసలో నిలబడలేదు. అయిదు రోజులుగా ఇంటిల్లిపాదీ చింతపిక్కలు ఉడకబెట్టుకు తింటున్నారు.

పక్కిల్లు గానుగ ఎలియాజరుది. వాళ్లు యూదులు. తాతల నాడెప్పుడో పడవల మీద వచ్చి, నూనె ఆడుకుంటూ ఇక్కడే స్థిరపడ్డారు. శనివారం గానుగ కట్టరు. ఎద్దుకి కూడా ఆ రోజు సెలవే. కోట దీపాలకి నూనె పోసేది ఎలియాజరే. మాటకారి కాబట్టి కొలువులో ఆయనకో పీట కూడా ఉండేది.

ఎలియాజరు తన ఇంట్లో ఉన్నదంతా పేటలో పంచేశాడు. నలభై గడపలకి అది ఏ మూలకి?

"ముత్తెన్నా, పిల్లల మొహం చూడవయ్యా. వెళ్లి ఆ బియ్యం తెచ్చుకో" అన్నాడు.

"వెళ్లలేనన్నా. చచ్చిపోయిన మా అయ్య పేరు తప్పెట మీద మోగించి, ఆ కూడు ఎట్లా మింగమంటావు?" అన్నాడు ముత్తెన్న. అని, మూలకి తిరిగి ఏడ్చేశాడు. "చిన్నది నిన్నట్నుంచి లేవటంలేదన్నా."

ఎలియాజరుకి ఒళ్లు మండిపోయింది. మండదూ మరి?

అదే వారంలో రాజుగారికి కడుపు బిగిసింది. దానాలు చేసిన సంతోషంలో బూరెలు కాస్త ఎక్కువే లాగించారు. నాలుగు రోజులైంది. వైద్యులిచ్చిన చూర్ణాలన్నీ లోపలికి పోతున్నాయి గానీ ఏదీ బయటికి రావటంలేదు.

ఎలియాజరు అప్పుడే ఆడిన ఆముదం గిద్దెడు పట్టుకెళ్లి తాగించాడు. తెల్లారేసరికి రాజుగారు మళ్లీ పుట్టినట్టు లేచి కూర్చున్నారు.

"భేష్! ఏం కావాలో కోరుకో" అన్నారు.

"ఏమీ వద్దు మహాప్రభూ. ఇది దానమే అనుకోండి. దానం చెయ్యటంలో మాకు తమరే గురువులు. తమ పద్ధతి పొల్లుపోకుండా పాటించనిస్తే అంతే చాలు."

రాజుగారు ఉబ్బి తబ్బిబ్బయ్యారు. "తప్పకుండా! అందరూ నా పద్ధతే నేర్చుకోవాలి. నా ఆజ్ఞ అని చెప్పు."

ఘడియ తిరక్కుండా వీధిలో తప్పెట మోగింది.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా! మన మహారాజులుంగారు నాలుగు రోజులుగా విరేచనం కాక అలమటిస్తుంటే, గానుగ ఎలియాజరు దయదలచి గిద్దెడు ఆముదం దానం చేశాడహో! ఈ పొద్దున అయిందహో!"

మేడ మీద రాజుగారు విన్నారు. మొహం ముందు ఎర్రగా కందింది, తర్వాత సున్నం కొట్టినట్టు పాలిపోయింది. ఎలియాజరుని ఈడ్చుకు రమ్మన్నారు.

"ఏమయ్యా, నా కడుపు సంగతి వీధిలో చాటిస్తావా? తల తీయిస్తాను!"

"చిత్తం. పేరు, బాధ, ఇచ్చిన కొలత, ఇచ్చినవాడు. అంతా తమ పద్ధతే ప్రభూ. ఏమన్నా తప్పిందా?"

"దానికీ దీనికీ పోలికేమిటయ్యా!"

"పోలిక లేదు నిజమే. తమ కడుపు నిండి బాధపడింది. నేతపేట ముత్తెన్న కడుపు ఎండి బాధపడుతోంది. తమ తప్పెటకి భయపడి అతను బియ్యానికి రాలేదు. వాళ్ల చిన్నపిల్ల లేవలేకపోతోంది ప్రభూ. పదిమందిలో మనిషి మొహం పాలిపోయేట్టు చేస్తే, ఆ మనిషిని చంపినట్టేనని మా పెద్దలు చెబుతారు. ఇందాక తమ మొహం పాలిపోయింది. తమ చేతిమీదుగా ఈ నెలలో ఎంతమంది పోయారో తమరే చూసుకోండి."

రాజుగారు సిగ్గుపడి తల దించుకున్నారు. తర్వాత ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని పకపకా నవ్వారు. "తల తీస్తే ఆ సంగతి కూడా తప్పెట వేయించాలి కదయ్యా! సరే, మీ వాళ్లు దానం ఎట్లా చేస్తారు?"

ఎలియాజరు చెప్పిన ప్రకారం ఆ మధ్యాహ్నానికే పేట చివర ఓ ధాన్యపు కొట్టు తెరిచారు. దానికి రెండు తలుపులు. ముందు తలుపున పెట్టేవాళ్లు పెట్టి పోతారు, వెనక తలుపున కావలసినవాళ్లు పట్టుకు పోతారు. ఎవరూ ఎవరినీ చూడరు. సాయంత్రం ముత్తెన్న ఇంట్లో గంజి కాగింది. చిన్నది రెండు ముంతలు తాగి, మూడోది అడిగింది.

రాజుగారు ఎలియాజరుని చాటుకి పిలిచి, "చిన్న రాయి ఒకటి, లోపలివైపు, గోడకి తిప్పి పెడితేనో?" అన్నారు.

"ఇంట్లో ఆముదం ఇంకా ఉంది ప్రభూ" అన్నాడు ఎలియాజరు.

రాజుగారు మళ్లీ నవ్వి, అతనికి ఏదో బహుమానం ఇచ్చారు. ఏమిచ్చారంటే నాకేం తెలుసు? తప్పెట వెయ్యలేదు కదా! ఆ కొట్టు మీద రాయి కూడా లేదు. అందుకే ఆ రాజుగారి పేరు నేను చెప్పనిది.