కలం ముంచని తీర్పు

వెనకటికి ఒక తెల్లదొర పల్లెపల్లెకీ వచ్చి, డేరా వేసుకుని అర్జీలు చూసేవాడు. ప్రతి అర్జీ చదివి, తలెత్తి "వెల్" అనేవాడు. దాని అర్థం జనానికి చెప్పే పని దుబాసీ చయనులుది.

కుమ్మరి గవరమ్మ పొద్దుటి నుంచీ గమనిస్తోంది. ఊరి మట్టిగుంటకి మునసబు కంచె వేయించాడు. మట్టి లేక ఆరిళ్ళ కుమ్మర్ల సారెలు ఆగిపోయాయి. ఆ కంచె తీయించమనే ఆమె అర్జీ.

మోతుబరులకి దొర "వెల్" అంటే, దుబాసీ వాళ్ళ తరఫున ఇంగ్లీషులో చాలాసేపు చెప్పేవాడు. అప్పుడు దొర కలం సిరాలో ముంచేవాడు. పేదలకి అదే మాట అంటే, "కొట్టేశారు, పో" అనేవాడు దుబాసీ. వాళ్ళు వెళ్ళిపోగానే దొర కాగితం పక్కన పడేసేవాడు.

గవరమ్మ వంతొచ్చింది. దొర "వెల్" అన్నాడు.

"కొట్టేశారు, పో."

ఆమె కదల్లేదు. "ఇందాక షావుకారుకీ ఇదే మాట అన్నారు కద బాబూ?"

"ఆ మాటకి వంద అర్థాలు. నీకేం తెలుసు?"

"అర్థాలు తెలీవు. కలం తెలుసు. దొరగారింకా ముంచలేదు."

ఆమె పోకపోవడం చూసి దొర మళ్ళీ "వెల్?" అన్నాడు. గవరమ్మ మూట విప్పి రెండు కుండలు బల్ల మీద పెట్టింది. గుంట మట్టితో చేసినది వేలితో కొడితే ఖంగుమంది. చేలో మట్టితో చేసినది అలా కొట్టగానే పెళ్ళలుగా రాలింది.

ఆ రెండు మట్టుల తేడా రాసున్న అర్జీని దొర మళ్ళీ చదివాడు. కలం ముంచి, కంచె తీసెయ్యమని రాశాడు. ఆ హుకుం పైకి చదవాల్సింది దుబాసీయే. చదివాడు.

"ఇప్పుడు పోతాను బాబూ," అంది గవరమ్మ.