సింగయ్య ఉందా?

మహాత్ముల పేరును లోకం ఎంగిలి మాట చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం పాపం కాదా స్వామీ అని భాస్కరశర్మ అడిగాడు. అడిగాడంటే మామూలుగా కాదు, చేతిలో కాగితాలు గురువుగారి ముందు పరిచి మరీ అడిగాడు.

కోపం రాదూ మరి? వాళ్ల ఆశ్రమం ఉన్న ఊళ్లో వందేళ్ల కిందట సింగావధూత అనే మహానుభావుడు తిరిగాడు, జనం సింగయ్య అని పిలిచేవారు. ఆయన సమాధికి రోజూ పూలు పెట్టేవాడు మన శర్మ. జిల్లా మాటలతో నిఘంటువు వేస్తున్న పండితులు అచ్చుకు ముందు ఆ కాగితాలను ఆశ్రమానికి పంపారు. వాటిలో ఇలా ఉంది: ‘సింగయ్య: గిన్నె అడుగున మాడిన అన్నం, ఎందుకూ కొరగానివాడు.’

శర్మ అప్పటికే ఊరుకోలేదు. మిరపకాయల యార్డు ఎదుట వజ్రమ్మ మెస్సులో కూలీలు ఆ మాట అంటారని తెలిసి, అక్కడికి వెళ్లి గోడకు బోర్డు కొట్టించి వచ్చాడు: ‘అవధూత గారి పేరు తిండికి వాడరాదు.’ ఇక నిఘంటువులో ఆ మాట కొట్టేయమని స్వామి ఒక ఉత్తరం రాస్తే చాలు.

విమలానందస్వామి కాగితం మడిచి పక్కన పెట్టారు. రేపు మధ్యాహ్నం భోజనం ఆ మెస్సులోనే చేద్దామన్నారు.

మర్నాడు వెళ్లేసరికి మూడు దాటింది. బల్లలన్నీ ఖాళీ. గురుశిష్యులు విస్తళ్ల ముందు కూర్చున్నారో లేదో, గుమ్మంలో ఒక ముసలమ్మ వచ్చి నిలబడింది. పేరు సోలమ్మ. యార్డులో మిరపకాయల తొడిమలు తీస్తుంది, పని దొరికిన రోజున. ఆ రోజు దొరకలేదని ముఖమే చెబుతోంది. అన్నం గిన్నె వంక చూసింది, ఏదో అడగబోయి బోర్డు వంక చూసి ఆగింది.

లోపలికొచ్చి నాలుగు మెతుకులు తినమని వజ్రమ్మ పిలిచింది. ముసలమ్మ వెనుదిరిగింది.

శర్మది మెత్తని మనసే. గబగబా లేచి, రా అమ్మా, నేను పెట్టిస్తానన్నాడు. అప్పుడు చూడాలి ఆవిడ కళ్లు!

“నేను ముష్టికి రాలేదు బాబూ. నలభై ఏళ్లుగా ఈ గుమ్మంలో నిలబడి ‘సింగయ్య ఉందా’ అన్నాను. ఉంటే పెట్టారు, లేకుంటే లేదన్నారు. నువ్వెవరు, నీకెందుకు అని ఒక్కరడగలేదు. ఆ అయ్య పేరు నువ్వు గోడకెక్కించావు. ఇప్పుడు నేనేమని అడగాలో అదీ రాసిపెట్టు.”

వజ్రమ్మ కూడా ఊరుకోలేదు. అందరూ తిన్నాక వచ్చి, మాడు గోకించుకుని, కూలీల పక్కన కూర్చుని తిన్నవాడు ఆ అవధూత అనీ, అప్పటినుంచి మాడుకు ఆయన పేరే వచ్చిందనీ, ఈ ఊళ్లో ఏ మెస్సూ దాన్ని అమ్మదనీ, ఉన్నంతవరకు అడిగినవాళ్లకు లేదనదనీ, ఇంత చదివినవాళ్లకు ఆ సంగతి తెలియదా అనీ అక్కడికక్కడే దులిపేసింది.

స్వామి మాత్రం విస్తరి చేతబట్టుకుని లేచారు. కాషాయం మనిషి, తిన్నగా వెళ్లి ఆ బోర్డు కిందే నిలబడి అడిగారు.

“వజ్రమ్మా, సింగయ్య ఉందా?”

వజ్రమ్మ గరిటె గిన్నెలో గరగరలాడింది. నల్లగా మాడిన ముక్క, దానిమీద ఇంత పులుసు. గుమ్మంలో ముసలమ్మ ఆగింది. ఆగి, కొంగు దులుపుకుని, వచ్చి స్వామి పక్కనే నిలబడింది.

“ఉంటే నాకూ ఇంత.”

ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినసాగారు. శర్మ బల్ల ఎక్కి బోర్డు ఊడదీశాడు. దిగాక, తలవంచుకుని, మరి ఉత్తరం సంగతేమిటని అడిగాడు.

స్వామి ముసలమ్మ విస్తరి వంక చూశారు.

“అవధూత వడ్డిస్తున్నాడు నాయనా. చేయి ఖాళీ అయ్యాక ఆయన్నడిగి రాద్దాం.”