నేల తడవకూడదని

ఆ ఉదయం ప్రభుదాసుకు కాలు నేల మీద నిలవడం లేదు. ఆరేళ్లుగా ఖాసిం సాయిబు దగ్గర కంప్రెసర్ల పని నేర్చుకుంటున్నవాడు, ఉస్తాద్ చెయ్యి పడకుండా మొదటిసారి ఒక డ్రయ్యర్‌ను ఒంటరిగా బిగించాడు.

అది బస్సు బాడీలు కట్టే షెడ్డు. ఇన్నాళ్లూ అక్కడ డ్రయ్యరే లేదు. రంగు కొట్టే గాల్లో తడి ఉంటే బస్సు మీద పొక్కులు లేస్తాయి. గాలిని చల్లబరిచి, తడిని నీరుగా విడదీసి, కింది గొట్టంలోంచి కక్కేయడమే డ్రయ్యర్ పని.

ఖాసిం సాయిబుకు ఒక ఆనవాయితీ ఉంది. శిష్యుడు సొంతంగా చేసిన మొదటి పనిని స్వయంగా వచ్చి చూస్తాడు. నచ్చితే తన సంచిలోంచి ఒక పానా తీసి చేతిలో పెడతాడు. నచ్చకపోతే టీ తాగి వెళ్లిపోతాడు. పోయినేడు ఒకడికి టీతోనే సరిపోయింది. వాడిని నమ్మి ఇప్పటికీ ఎవరూ పని అప్పగించడం లేదు.

అందుకే ప్రభుదాసు ఎక్కడా వంక దొరకనివ్వలేదు. జాయింటు జాయింటుకూ సబ్బునురుగు రాసి చూశాడు. ఒక్క బుడగ లేవలేదు. షెడ్డు యజమాని వీరభద్రరావు యంత్రానికి బంతిపూల దండ వేయించి కొబ్బరికాయ కొట్టాడు. చుట్టాలూ స్నేహితులూ వచ్చారు. కొత్త బస్సు సిద్ధంగా ఉంది. పెయింటర్ నూకరాజు ఎర్ర రంగు కలుపుతున్నాడు.

ఖాసిం సాయిబు వచ్చాడు. ఎవరో టీ గ్లాసు అందించారు.

"చూడండి ఉస్తాద్, గాలి చల్లదనం మూడు డిగ్రీలు! నిన్నటినుంచి కదిలితే ఒట్టు!" అన్నాడు ప్రభుదాసు, మీటర్ చూపిస్తూ.

ఆయన అంకె వైపు చూడలేదు. యంత్రం పక్కన డబ్బా మీద కూర్చుని, కళ్లు మూసుకుని చెవి ఒగ్గాడు. ఐదు నిమిషాలు గడిచాయి. మరో ఐదు గడిచాయి. యంత్రం ఒక్కసారీ నీరు కక్కలేదు.

"బస్సు అద్దం ఒకటి పట్రా," అన్నాడు.

రంగు కొట్టే పైపు మూతికి అద్దం అడ్డం పెట్టి గాలి వదిలాడు. కాసేపు అద్దం పొడిగానే ఉంది. తర్వాత సన్నటి చుక్కలు పడ్డాయి. నూకరాజు చెయ్యి రంగు డబ్బాలోనే ఆగిపోయింది.

"కింది గొట్టం కుళాయి ఎందుకు కట్టేశావు?" ఆ మాట శిష్యుడికి తప్ప ఎవరికీ వినపడలేదు.

"కొత్త గచ్చు ఉస్తాద్. పూజకు పెద్దోళ్లొస్తారు కదా. మాటిమాటికీ బుస్సుమని మురికినీళ్లు కక్కుతుంటే, నా పని కారుతోందనుకుంటారని... వాళ్లెళ్లాక తిప్పేద్దామనుకున్నా."

ఖాసిం సాయిబు టీ చివరి గుక్కదాకా తాగేశాడు. ఇక లేచి వెళ్లిపోతాడనుకున్నాడు ప్రభుదాసు.

ఆయన వెళ్లలేదు. ఖాళీ గ్లాసు గొట్టం కింద పెట్టి కుళాయి తిప్పాడు. బూడిదరంగు నీరు బుసకొడుతూ గ్లాసు నిండా పడింది. దాన్ని శిష్యుడి చేతిలో పెట్టి, మళ్లీ డబ్బా మీద కూర్చున్నాడు.

వెనక గుమ్మం రెండడుగుల దూరంలోనే ఉంది. పారబోసినా అడిగేవాళ్లు లేరు. ప్రభుదాసు గుమ్మం వైపు చూశాడు. తర్వాత గ్లాసు పట్టుకుని, అందరి మధ్యలోంచి యజమాని దగ్గరికి నడిచాడు.

"అయ్యా, బయటికి పోవాల్సిన ఈ నీటిని నేనే లోపల ఆపేశాను. తప్పు నాది. గొట్టాలు ఆరాలి. ఇవాళ రంగు వెయ్యొద్దు."

"ముహూర్తం పెట్టించి, ఇంతమందిని పిలిచాక చెప్తావా?" వీరభద్రరావు ముఖం ఎర్రబడింది.

నూకరాజు గ్లాసు అందుకుని వెలుతురులో పట్టి చూశాడు. "ఇన్నేళ్లూ నా గన్నులోంచి పోయింది ఇదా అయ్యా? పొక్కులు లేచినప్పుడల్లా నా చెయ్యి బాగోలేదన్నారు!"

వీరభద్రరావు ఆ గ్లాసు తీసుకుని పక్కన పెట్టాడు. "రేపు వేద్దాంలే," అన్నాడు, నూకరాజు భుజం మీద చెయ్యి వేసి.

ప్రభుదాసు తిరిగొచ్చేసరికి ఖాసిం సాయిబు సంచి తెరిచి ఉంది. పిడి అరిగిన పానా ఒకటి ఆయన చేతిలో ఉంది. అందరికీ కనపడేలా పైకెత్తి, శిష్యుడి చేతిలో పెట్టాడు. ఆయన కళ్లలో అంత గర్వం ప్రభుదాసు ఎన్నడూ చూడలేదు.

అప్పుడే డ్రయ్యర్ బుస్సుమంది. కొత్త గచ్చు మీద, అతిథుల కాళ్ల ముందే, నీరు చిమ్మింది.

"నేల తడుస్తూనే ఉంటుంది బేటా," అన్నాడు ఖాసిం సాయిబు, సంచి భుజానికి తగిలించుకుంటూ. "తుడుచుకుంటూ ఉండు."